పియానో వీపు విచ్చుకుంటే

తెలుగువాళ్లలో చాలామందికి పియానో పరిచయమైంది నలుపు తెలుపు సినిమాల్లో. పుట్టినరోజు విందు, సూటు వేసుకున్న కథానాయకుడు, మేడమెట్ల మీద నాయిక. కెమెరా మీటల మీద ఆడే వేళ్లను చూపిస్తుంది, ముఖాలను చూపిస్తుంది, వాద్యం వెనక్కి మాత్రం ఒక్కసారీ వెళ్లదు. గోడకు ఆనించి పెట్టే నిలువు పియానోకు పెద్ద జబ్బు పట్టేది ఆ వెనకే. తీగలు చుట్టిన పిన్నులు దిగి ఉండే చెక్కదిమ్మను పిన్‌బ్లాక్ అంటారు. అది తన వెనకున్న దూలాన్ని వదిలి ముందుకు జరుగుతుంది. పైమూత ఎత్తి చూస్తే రెండింటి మధ్య సన్నటి నల్లగీత కనిపిస్తుంది. గీతగానే ఉండిపోతే భయం లేదు. ఏటేటా వెడల్పవుతుంటే మాత్రం ఆ పియానో ఎన్నిసార్లు శ్రుతి చేయించినా నిలవదు.

ఈ విచ్చుకున్న అతుకును ఏం చేయాలన్న వాదన మరమ్మతుదారుల్లో చాలాకాలంగా ఉంది. జిగురు చాలంటారు కొందరు, బోల్టు లేకుండా జిగురు దండగంటారు మరికొందరు, అసలు ముట్టుకోవద్దంటారు ఇంకొందరు. ఎవరి మాట వారికి సబబే. చిక్కేమిటంటే ఈ మాటలు ఎక్కువగా చలిదేశాల వర్క్‌షాపుల్లో పుట్టాయి. వాటిని కృష్ణా డెల్టాలోని చల్లపల్లి గాలిలోకి తెచ్చి చూస్తే కొన్ని తిరగబడతాయి.

బరువు ఎవరు మోయాలి

పియానోలో దాదాపు 230 తీగలుంటాయి. ఒక్కో తీగ సుమారు 70, 80 కిలోల బలంతో లాగుతుంది. అన్నీ కలిపితే 16 నుంచి 20 టన్నులు. వడ్ల లోడుతో నిండిన లారీ బరువు రేయింబవళ్లు ఒక చెక్కపెట్టెను ముడుచుకుపొమ్మని నొక్కుతున్నట్టు లెక్క.

1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫొరి పియానోను తయారుచేసినప్పుడు ఈ బాధ లేదు. తీగలు సన్నం, లాగుడు తక్కువ, చెక్క చట్రమే మోసేది. 1800లో ఫిలడెల్ఫియాలో హాకిన్స్, వియన్నాలో మ్యూలర్ ఒకరికొకరు సంబంధం లేకుండా నిలువు పియానోలు చేశారు. పెద్ద హాళ్లకు పెద్ద ధ్వని కావలసివచ్చింది, తీగలు లావెక్కాయి, చెక్క ఒక్కటే తట్టుకోలేకపోయింది. 1825లో బోస్టన్‌లో బాబ్‌కాక్ ఒకే పోతగా తీసిన ఇనుప చట్రానికి పేటెంటు పొందాడు. 1843లో అదే ఊరి చికరింగ్ దాన్ని గ్రాండ్ పియానోకు తెచ్చాడు. అక్కణ్నుంచి బరువు మోసే పని క్రమంగా చెక్క నుంచి ఇనుముకు మారింది.

అయితే అందరూ ఒక్కసారిగా మారలేదు. చాలా నిలువు పియానోల్లో, ముఖ్యంగా ఇంగ్లండులో చేసిన పాతవాటిలో, ఇనుప చట్రం పిన్‌బ్లాక్ కిందివరకే వచ్చి ఆగిపోతుంది. దీన్ని ముక్కాలు చట్రం అనొచ్చు. పైన పిన్నులున్న భాగమంతా చెక్కే, దాన్ని పట్టి ఉంచేది వెనక దూలానికి వేసిన జిగురే. తీగలు లాగేది ముందువైపు నుంచి. అందువల్ల పైభాగం ముందుకు వంగాలని చూస్తుంది, అతుకు పై అంచు దగ్గర నోరు తెరుస్తుంది. నిండు చట్రం ఉన్న వాటిలో ఇనుము పిన్‌బ్లాక్‌ను కప్పి స్క్రూలతో పట్టుకుంటుంది కాబట్టి ఈ జబ్బు తక్కువ. తక్కువే గాని లేకపోలేదు.

వలసపాలన కాలంలో మన దేశానికి పియానోలు పంపిన బ్రిటిష్, జర్మన్ తయారీదార్లకు ఈ సంగతి తెలుసు. ఉష్ణదేశాల రకమని పేరుపెట్టి అతుకుల దగ్గర అదనంగా స్క్రూలు బిగించి పంపేవారు. మద్రాసులో 1842 నాటి మిస్క్విత్ దుకాణం, ఇప్పటి మ్యూజీ మ్యూజికల్, బొంబాయిలో 1865 నాటి ఫుర్టాడోస్ లాంటి చోట్ల అమ్ముడైనవాటిలో ఇలాంటివీ ఉన్నాయి. ఉత్త జిగురును ఈ గాలిలో నమ్మలేమని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారన్నమాట. జిగురు ఒక్కటే చాలనే వాదానికి ఇంతకన్నా పాత జవాబు అక్కర్లేదు.

ముందు జబ్బు తేల్చాలి

శ్రుతి నిలవని ప్రతి పియానోకూ వీపు విచ్చుకున్నట్టు కాదు. పిన్ను బిగువు పోతే అక్కడొకటి ఇక్కడొకటి తీగ దిగిపోతుంది, శ్రుతి చేసే తాళంచెవితో తిప్పితే పిన్ను వెన్నలో తిరిగినట్టు తిరుగుతుంది. అతుకు విచ్చుకుంటే ఒక వరస తీగలన్నీ కూడబలుక్కున్నట్టు కలిసి దిగుతాయి, పిన్నులు మాత్రం గట్టిగానే ఉంటాయి. ధ్వని పలక పగిలితే అది వేరు, శ్రుతి కంటే ముందు జుయ్యిమనే చప్పుడుతో బయటపడుతుంది. ఇనుప చట్రమే బీటవారితే దాదాపుగా కథ ముగిసినట్టే. పోత ఇనుమును అతికి మళ్లీ అన్ని టన్నులు మోయించడం చాలా కొద్దిమందే తలకెత్తుకునే పని.

వీటన్నిటికంటే ముందు మన దగ్గర చూడాల్సింది పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. చెదలు. గోడకు ఆనించిన వీపు, నెలల తరబడి కదపని పెట్టె, అడుగున తేమ, చెదకు ఇంకేం కావాలి? దూలాన్ని వేలితో తట్టితే డొల్లగా మోగినా, స్క్రూడ్రైవరు మొన దిగిపోయినా, జిగురూ బోల్టుల చర్చ అక్కడితో ఆపెయ్యాలి. పొట్టయిపోయిన చెక్కకు ఏ జిగురూ పట్టదు.

నాలుగు దారులు

విచ్చుకున్నది అతుకేనని తేలాక దారులు చీలతాయి.

ఎక్కువమంది ఒప్పుకునేది జిగురూ బోల్టూ రెండూ వాడే పద్ధతి. 1976లో వచ్చిన ఆర్థర్ రెబ్లిట్జ్ మరమ్మతు పుస్తకం లాంటివి చదివి పని నేర్చుకున్న తరానికి ఇలాంటి పద్ధతులే పాఠాలు. వినడానికి తేలికే. చేసేటప్పుడు సగం రోజు మొదటి మెట్టుకే పోతుంది. తీగల లాగుడు తగ్గించాలి, అదీ ఒక పక్క నుంచి కాదు. ఒక కొస పూర్తిగా వదులై రెండో కొస బిగువుగా ఉంటే ఇనుప చట్రం మెలితిరుగుతుంది. అందుకని 230 పిన్నులనూ తలా కాస్త వదులు చేస్తూ ఆ చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి, ఇలా రెండు మూడు చుట్లు తిరగాలి. ఆ తర్వాత సందులో నిలవున్న దుమ్ము, పెళుసై రాలిన పాత జిగురు పొడి, ఒక్కోసారి సాలీడు గూళ్లు, అన్నీ హాక్సా బ్లేడుతో గీకి, గాలి కొట్టి ఊదెయ్యాలి. ఇక్కడ బద్ధకిస్తే కొత్త జిగురు అంటుకునేది చెక్కకు కాదు, పాత మట్టికి.

పియానో నిలబడే ఉండగా పైనుంచి జిగురు పోస్తే దానంతటదే సందులోకి దిగుతుంది. తరవాత క్లాంపులు. మధ్య నుంచి అంచుల వైపు, ఒక్కోదానికి పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే పైఅంచున జిగురు పూస కడుతుంది. ఆ పూస ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా వచ్చిందంటే లోపల ఖాళీ లేదని గుర్తు. ఎక్కడ తెగిందో అక్కడ మళ్లీ పోయాలి. ఆరాక పిన్‌బ్లాక్, వెనక దూలం రెండింటినీ, నిండు చట్రమైతే దాన్ని కూడా, దూసుకుపోయే బోల్టులు, వెనక వెడల్పాటి వాషర్లు వేస్తారు. కొన్ని పియానోల్లో చట్రం పైఅంచున ఉన్న స్క్రూల రంధ్రాలనే పొడిగించి వాడుకోవచ్చు, ఇనుముకు కొత్త కన్నం పెట్టే ప్రమాదం తప్పుతుంది.

రెండో దారివాళ్లు జిగురును పక్కనపెట్టి బోల్టులనే నమ్ముతారు. సందు లోతుగా శుభ్రం కానప్పుడు జిగురు ఉత్త మోసమని వాళ్ల వాదన. అందులో నిజముంది. కాని చెక్క ఎండి కుంచించుకుంటే బోల్టు వదులవుతుంది, ఏటా ఒకసారి రెంచితో పలకరించాల్సిందే. పైగా నోరు తెరిచిన అతుకును బోల్టు బలంతోనే మూయాలని చూస్తే పెళుసు ఇనుము టప్పున పగలొచ్చు. ఆ చప్పుడు విన్న మరమ్మతుదారు ఆ తప్పు రెండోసారి చేయడు.

మూడో దారి మొత్తం విప్పేయడం. తీగలు తీసి, చట్రం ఎత్తి, పిన్‌బ్లాక్ మార్చి, వీపును మొదటి నుంచి కట్టడం. గొప్ప వాద్యాలకే గిట్టుబాటయ్యే పని.

నాలుగోది వైరాగ్యం. అతుకును వదిలేసి, శ్రుతిని అరస్వరం దించి వాయించుకోవడం. దీన్ని ఓటమి కింద కొట్టిపారేయడం న్యాయం కాదు. తీగ లాగుడు కంపన సంఖ్య వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి అరస్వరం దించితే లాగుడు దాదాపు 11 శాతం తగ్గుతుంది. 18 టన్నుల్లో రెండు టన్నుల ఊరట. వయొలిన్‌తోనో వేణువుతోనో కలిపి వాయించాలంటే చిక్కొస్తుంది గాని, ఒంటరిగా సాధన చేసుకునే పిల్లకు పోయేదేమీ లేదు.

ఈ నాలుగింటిలో ఏది ఎంచాలో తేల్చేది తరచుగా పనితనం కాదు, చుట్టుపక్కల దొరికే సరుకు. అమెరికాలో పాత నిలువు పియానోను మోసుకుపోతే చాలని ఊరికే ఇచ్చేవాళ్లుంటారు. అక్కడి తెలుగు కుటుంబాల్లో పిల్లల మొదటి పియానో కొన్నిసార్లు అలా వచ్చిందే. అక్కడ వీపు విచ్చుకున్నదాన్ని బాగుచేయడం దండగనే తీర్పు సహేతుకం. విజయవాడకు 60 కిలోమీటర్ల అవతల ఉన్న చల్లపల్లికి అదే తీర్పును దించితే కుదరదు. ఇక్కడ బదులు పియానో దొరకదు, దొరికినా రెండు మూడు వందల కిలోల పెట్టెను తేవడం మరో యజ్ఞం. మొదటి దారి ఇక్కడ మరింత సబబుగా కనిపించేది అందుకే.

వజ్రమా, ఫెవికాలా, ఆరాల్డైటా

అన్నిటికన్నా గట్టిగా కేకలు వినిపించేది జిగురు దగ్గర. వజ్రం అంటే పాత వడ్రంగుల జంతువుల జిగురు. పలుకులుగా దొరికేదాన్ని నీళ్లలో నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి వేడిగా పూస్తారు. పాత పియానోలన్నీ దాంతోనే కట్టారు. అభిమానులు చెప్పే గుణాలు రెండు. ఎంతకాలం బరువు మోసినా సాగదు. ఆవిరి పట్టిస్తే ఊడుతుంది, మళ్లీ అతకొచ్చు. లోపాలూ రెండే. వెడల్పు సందును నింపలేదు, తేమకు మెత్తబడుతుంది.

ఫెవికాల్ లాంటి తెల్లజిగురు బల్లలకూ కుర్చీలకూ దేవుడిచ్చిన వరం. పియానో వీపు విషయంలో మాత్రం అది ఒంటరిగా నెగ్గుకురాదు. ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగే బరువు కింద తెల్లజిగురు తెలియకుండా సాగుతుంది, ఎండలు ముదిరితే ఇంకా సాగుతుంది. అతికిన మర్నాడు ఉక్కులా ఉంటుంది కాబట్టే ఈ సంగతి చాలామందికి తెలియదు. అసలు పరీక్ష నాలుగు వేసవుల తర్వాత.

ఆరాల్డైట్ తరహా ఎపాక్సీకి సందు నింపే గుణం ఉంది, తేమ లెక్కలేదు, సాగదు. ఒక్కసారి పట్టిందంటే మళ్లీ ఊడదీయడం బ్రహ్మతరం కాదు. దాని మీద ఉన్న ప్రధాన ఫిర్యాదూ అదే. మామూలు రకం ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందన్న అనుమానం కూడా లేవనెత్తుతారు. మే నెలలో విజయవాడ 45 డిగ్రీలు దాటినా గదిలో వాద్యం అంత వేడెక్కదు. అదే వాద్యాన్ని మిట్టమధ్యాహ్నం మూసిన వ్యానులో పంపితే మాటివ్వలేం.

మ్యూజియంవాళ్లు వజ్రం వైపు, వాయించేవాళ్లు ఎపాక్సీ వైపు మొగ్గడంలో వింత లేదు. ఒకరికి వందేళ్ల తర్వాత విప్పగలగాలి, ఇంకొకరికి వచ్చే ఆదివారం ప్రార్థనకు మోగాలి. ఈ వ్యాసం మొగ్గు ఇది: సందు పోస్టుకార్డు మందం దాటితే, చెక్క రెండు ముఖాలూ పూర్తిగా శుభ్రం కాకపోతే, డెల్టాలో ఎపాక్సీ, దానికి తోడు బోల్టులు. కార్డు కూడా దూరని సన్నటి చీలికకు, చెక్క శుభ్రంగా ఉంటే, వజ్రాన్ని తోసేయడానికి కారణం లేదు, బోల్టులు మాత్రం ఇక్కడా వేయాల్సిందే.

డెల్టా గాలి

చలిదేశాల పుస్తకాల్లో మొదటి శత్రువు శీతాకాలం. ఇంట్లో హీటరు వేస్తారు, గాలి ఎండిపోతుంది, చెక్క కుంచించుకుంటుంది, అతుకు విడుతుంది. అందుకే అక్కడి సలహాల్లో పెద్ద భాగం తేమను చేర్చడం గురించే. మనకు కావాల్సింది దాదాపు తలకిందులు.

చెక్క చుట్టూ ఉన్న గాలి నుంచి నీటిని తాగుతుంది, వదులుతుంది. గాలిలో తేమ 40 శాతం ఉంటే చెక్క బరువులో నీళ్లు ఏడెనిమిది శాతం. తేమ 80 శాతానికి పెరిగితే ఆ నీళ్లు 16 శాతం దగ్గరకు వెళతాయి. పోగు పొడవునా చెక్క పెరగనే పెరగదు అనుకోవచ్చు, పోగుకు అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. పియానో వీపులో నిలువు పోగుల కాళ్లు, అడ్డపోగు దూలం, పొరలు పొరలుగా అతికిన పిన్‌బ్లాక్ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి. ఒకటి ఉబ్బినంత రెండోది ఉబ్బదు. ఆ తేడా అంతా జిగురు గీత మీద పడుతుంది.

చల్లపల్లిలో వైశాఖంలో పడమటి వడగాలి పగలంతా చెక్కను పీలుస్తుంది, సాయంత్రం సముద్రపు గాలి తేమను తెస్తుంది. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు నవంబరుల్లో తుపానులు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో ప్రాణాలే వేలల్లో పోయాయి, వాద్యాల మాట ఎవరికి పట్టింది? అయినా మరమ్మతుదారు కోణంలో ఒక ముక్క చెప్పుకోవాలి. ఉప్పునీట మునిగిన చెక్క ఆరినా, అందులో మిగిలిన ఉప్పు గాలి నుంచి తేమను లాగుతూనే ఉంటుంది. అలాంటి వీపుకు అతుకు మరమ్మతు అనే మాటే వర్తించదు.

తేమను అదుపు చేయడానికి పాతకాలం నుంచి ఉన్న చిట్కా, పియానో అడుగుభాగంలో చిన్న బల్బు వెలిగించి ఉంచడం. వానాకాలంలో బాగానే పనిచేస్తుంది. వైశాఖంలో కూడా ఆర్పకుండా వదిలేస్తే అదే బల్బు అతుకును విడగొడుతుంది. ఇప్పుడు ఇంకో తమాషా: ఎల్‌ఈడీ బల్బు పెట్టి నిశ్చింతగా ఉన్నవాళ్లకు వెలుతురు దక్కింది గాని వేడి దక్కలేదు. తేమను బట్టి దానంతటదే ఆగిపోయే వేడికడ్డీ మెరుగు. ఎంత తేమ ఉండాలన్నదానికంటే ఎంత హెచ్చుతగ్గులు లేకుండా ఉండాలన్నదే ఇక్కడ లెక్క. 45 శాతం తేమ డెల్టాలో కుదిరే మాట కాదు. ఏడాది పొడవునా 65 దగ్గర నిలబెట్టగలిగితే వీపు సణగదు.

నూజివీడు వీణ పక్కన పెట్టి చూస్తే

ఇదే కోస్తా గాలిలో తరాలుగా తీగవాద్యం చేస్తున్నవాళ్లున్నారు. నూజివీడు వీణ పనస చెక్కది. బొబ్బిలి వీణా అంతే. వాళ్లలోనూ అతుకు గురించి పాత పట్టింపు ఉంది. కుండ, దండి ఒకే మానులోంచి తొలిచిన ఏకాండి వీణకు గౌరవం, ధర రెండూ ఎక్కువ. అతుకుల వీణకు తక్కువ. అతుకే లేకపోతే విచ్చుకునేదేముందన్నది ఏకాండి పక్షం. కాని ఏకాండిలో చెక్కే నెర్రెవిచ్చితే ఆ బీట పోగు వెంట పాకుతుంది, దానికి ఫలానా చోట ఆగాలన్న నియమం లేదు. అతుకుల వీణలో పగిలేది అతికిన చోటే, అతకాల్సింది కూడా అక్కడే. పియానోకు ఏకాండి భాగ్యం ఎలాగూ లేదు, అంత బరువును ఒకే మాను మోయలేదు. అందుకని అది పుట్టుకతోనే అతుకుల వాద్యం.

వీణ నుంచి అందే పాఠం ఇంకోచోట ఉంది. దాని 24 మెట్లూ కూర్చునేది మైనం మీద. ఎండలకు మైనం మెత్తబడుతుంది, మెట్లు కదులుతాయి, స్వరస్థానాలు తప్పుతాయి. అప్పుడు వైణికులు వీణ పాడైందని ఏడవరు, మేళం కట్టిస్తారు. మళ్లీ మళ్లీ కట్టించుకోవడానికి వీలుగానే అది మైనంతో ఉంది. పియానో కొన్నవాళ్లు మాత్రం అతుకు జీవితకాలం ఉండాలనుకుంటారు, విడితే మోసపోయామనుకుంటారు. వజ్రం పక్షం వాళ్లు చెప్పేది ఒకరకంగా మేళం మాటే. అయితే మెట్టు మీద పడేది వేలి బలం, పిన్‌బ్లాక్ మీద పడేది టన్నుల బలం. పోలిక అక్కడితో ఆగిపోతుంది, ఎపాక్సీ వాదం అక్కడినుంచి మొదలవుతుంది.

తేలనివి

బోల్టుల సంఖ్య మీద ఏకాభిప్రాయం లేదు. అరడజను చాలనేవాళ్లూ, జానెడుకొకటి ఉండాల్సిందేననేవాళ్లూ ఉన్నారు. ముక్కాలు చట్రం పియానోకు వెనక ఇనుప పట్టీ వేసి ఆ పట్టీ మీద బోల్టులు దింపితే మేలా, విడి వాషర్లే మేలా అన్నది ఇంకో తగువు. అతికాక శ్రుతిని పూర్తి స్థాయికి ఎన్నాళ్లలో ఎక్కించాలన్నదాంట్లో కూడా భేదాలున్నాయి. వారంలో అంటారు ఒకరు, నెల పట్టినా పర్వాలేదంటారు ఇంకొకరు. ఈ ఒక్కదాంట్లో ఆలస్యం వల్ల ఎవరికీ నష్టం లేదు కాబట్టి నెలవాళ్ల మాట వినొచ్చు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. సందు పెరుగుతున్నది తీగల బరువు వల్లనా, చెక్కలోని నీళ్ల వల్లనా? మొదటిదైతే బోల్టు, రెండోదైతే వేడికడ్డీ. ఒక్కరోజు వచ్చి చూసే మరమ్మతుదారుకు ఇది కనిపించదు, ఇంటివాళ్లకే కనిపిస్తుంది. వైశాఖంలో ఒకసారి, శ్రావణంలో ఒకసారి పైమూత ఎత్తి, సందులో పోస్టుకార్డు ముక్కలు ఎన్ని దూరాయో చూడాలి. వానల్లో తగ్గి ఎండల్లో పెరిగితే అది నీళ్ల పని. రెండు కాలాల్లోనూ పెరుగుతూనే పోతే అది బరువు పని. పాత ట్యూనర్లు శ్రుతి చేసిన తేదీని పియానో లోపలి చెక్క మీద పెన్సిలుతో రాసిపెట్టేవారు. ఆ తేదీల కిందనే ఈ కొలతలూ రాసి ఉంచితే, చెన్నై నుంచో హైదరాబాదు నుంచో వచ్చే మనిషి సంచీలోంచి ముందుగా ఏ పనిముట్టు తీయాలో అక్కడే తెలుసుకుంటాడు.